ఒడియా సంతకాలు

మా ఊళ్ళో హిందీవాళ్ళు చాలామంది ఉన్నారని నేను ఏళ్ళ తరబడి అనుకుంటూ వచ్చాను. నేనే కాదు, ఊరంతా అదే మాట. రాతి క్వారీల్లో పనికి ఎక్కడినుంచి వచ్చిన మనిషైనా సరే, బీహార్ అయినా, రాజస్థాన్ అయినా, ఒడిశా అయినా, మాకు హిందీవాడే. కూరగాయల కొట్టు దగ్గర "ముందు ఆ హిందీవాళ్ళకి తూచి పంపించు" అంటారు. బస్సులో "ఆ హిందీ ఆమెను కాస్త జరగమను" అంటారు. వాళ్ళలో వాళ్ళు ఏ భాష మాట్లాడుకుంటున్నారో చెవిపెట్టి విన్న పాపాన ఎవరూ పోలేదు. వినాల్సిన ఉద్యోగం నాది. నేనూ వినలేదు.

చీమకుర్తికి అవతల ఒక చిన్న ఊళ్ళో శాఖా గ్రంథాలయం నడుపుతున్నాను. నడుపుతున్నాను అనేది కాస్త పెద్ద మాటే. తాళం తీసేదాన్ని నేనే, ఊడ్చేదాన్ని నేనే, పుస్తకాలకు అట్టలు వేసేదాన్ని నేనే. ఉదయం ఎనిమిది నుంచి పదకొండు దాకా, సాయంత్రం నాలుగు నుంచి ఏడు దాకా తెరిచి ఉంటుంది. శుక్రవారం సెలవు. ఆదివారం మాత్రం తెరవాలి. అందుకే ఇన్నేళ్ళలో నేను మా చర్చిలో ఆరాధన మొదటినుంచీ విన్న ఆదివారాలు చాలా తక్కువ. పదకొండుకు తాళం వేసి పరుగెత్తుకెళ్ళి ఆఖరి వరసలో కూర్చుంటే, మా అయ్యగారు ప్రసంగం ఆపి మరీ గడియారం వైపు చూసేవారు.

గ్రానైట్ దిమ్మెలు మోసుకుపోయే లారీ మలుపు తిరిగినప్పుడల్లా మా కిటికీ అద్దాలు గడగడలాడతాయి. పుస్తకాల మీద తెల్లటి రాతిపిండి పేరుకుంటుంది. రోజూ తుడుస్తాను, రోజూ తిట్టుకుంటాను. నాకు నోటిదురుసు ఎక్కువేనని మావాళ్ళంతా అంటారు. వాళ్ళు చెప్పేది అబద్ధం కాదు.

ఆమె మొదటిసారి వచ్చింది ఒక వేసవి సాయంత్రం. ముప్పై లోపే ఉంటుంది. పాలిషింగ్ యూనిట్‌లో రాతి పలకలు కడిగే పని. మోచేతుల దాకా పిండి ఎండిపోయి ఉంది. గుమ్మం బయట చెప్పులు విడిచి, లోపలికి రావచ్చా అన్నట్టు నన్ను చూసింది. రమ్మని చెయ్యి ఊపాను. పొడుగు బల్ల దగ్గర కూర్చుని తెలుగు పేపరు తెరిచి, ఒక్కో పేజీ నెమ్మదిగా తిప్పి, బొమ్మలు చూసి, మడత చెదరకుండా మళ్ళీ పెట్టేసింది. పాపం చదువు రాదనుకున్నాను.

మా గ్రంథాలయంలో గుమ్మం పక్కన ఒక హాజరు రిజిస్టర్ ఉంటుంది. వచ్చినవాళ్ళు పేరు, ఊరు రాసి సంతకం పెట్టాలి. ఆమె వెళ్ళేటప్పుడు ఆ రిజిస్టర్ దగ్గర ఆగింది. దారం కట్టి వేలాడదీసిన పెన్ను వైపు చెయ్యి చాపింది. నేను గబగబా లేచి వెళ్ళి పెన్ను అందుకున్నాను.

"పేరు చెప్పమ్మా, నేను రాస్తాలే."

చెప్పింది. నేను తెలుగులో రాశాను. సంతకం గడిలో కూడా నేనే ఆ పేరు రాసేశాను. ఆమె నా చేతివైపు ఒక్క క్షణం చూసి వెళ్ళిపోయింది. చాలా మంచి పని చేశాననుకున్నాను. పేర్లు రాసిపెట్టడం నాకు చిన్నప్పటి అలవాటు. మాది గుంటూరు వైపు మిరప పొలాల మధ్య పల్లె. మా అమ్మ మిరపకాయలకు తొడిమలు తీసే కూలికి వెళ్ళేది. రేషన్ కొట్టు దగ్గరా, పొదుపు సంఘం పుస్తకంలోనూ, ఎక్కడ అవసరమైనా ఆమె పేరు నేనే రాసేదాన్ని. ఆమె పక్కన వేలిముద్ర వేసేది.

ఆ రాతి పలకలు కడిగే ఆమె తర్వాత క్వారీ కూలీలు ఇంకొందరు వచ్చారు. ఫ్యాను కోసం, కుండలో నీళ్ళ కోసం వచ్చినవాళ్ళే. వచ్చినవాళ్ళు పేపర్ల బొమ్మలు చూసి వెళ్ళిపోతుంటే నాకు లోపల ఒకటే పీకులాట. నా చిన్నప్పుడు మా ఊరి గ్రంథాలయంలోకి మా పల్లె పిల్లల్ని రానిచ్చేవాళ్ళు కాదు. రావద్దని ఎవరూ నోటితో అనలేదు కానీ, లోపలికి వెళితే అందరూ తల ఎత్తి చూసేవాళ్ళు. మేం అరుగు కింద నిలబడి, కిటికీలోంచి కనిపించినంత మేర పేపరు చదువుకునేవాళ్ళం. ఆ కిటికీ గుర్తొస్తే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. నా గ్రంథాలయంలో మనిషి లోపలికొచ్చి కూర్చుని కూడా చదవడానికి ఏమీ లేకుండా పోతే ఇక నేనెందుకు?

సరే, హిందీ పుస్తకాలు తెద్దామనుకున్నాను. జిల్లా ఆఫీసు చుట్టూ తిరిగాను. అర్జీ పెట్టాను, ఇంకో అర్జీ పెట్టాను, మూడోసారి నేనే వెళ్ళి కుర్చీలో కూర్చుని లేవనన్నాను. ఎట్టకేలకు దసరా దాటాక ఏదో గోడౌన్‌లో పడి ఉన్న హిందీ పుస్తకాలు రెండు కట్టలు ఇచ్చారు. బస్సులో ఒళ్ళో పెట్టుకుని తెచ్చాను. హైస్కూల్ హిందీ మాస్టారిని బతిమాలి బోర్డు రాయించాను. హిందీలో రెండు ముక్కలు మాట్లాడి పిలవడానికి ఎవరున్నారా అని ఆలోచిస్తే, మా గేటు పక్కన టీ బంకు నడిపే సాయిబుగారు కనిపించారు.

"ఏమండీ, మీరు కాస్త వాళ్ళకు హిందీలో చెప్పిపెట్టరూ? పుస్తకాలొచ్చాయని" అన్నాను.

ఆయన టీ గరిటె పక్కన పెట్టాడు.

"మేడమ్ గారూ, నాకు హిందీ ఎక్కడొచ్చండీ! మా తాతల కాడ్నుంచీ ఇంట్లో తెలుగే. టోపీ పెట్టుకున్నానని అందరూ ఇట్టాగే అడుగుతారు. బ్యాంకులో కూడా నా చేతికి హిందీ ఫారమే ఇచ్చారు మొన్న."

తల కొట్టేసినట్టయింది. అయినా ఆయన మంచివాడు కాబట్టి, టీ తాగడానికి వచ్చిన ప్రతి కూలీకీ గేటువైపు వేలు చూపించి "బుక్, బుక్" అని చెప్పాడు. మూడు వారాలు గడిచాయి. ఒక్కరూ ఆ హిందీ బీరువా ముట్టుకోలేదు. పుస్తకాల మీద రాతిపిండి మాత్రం చేరింది.

నాలుగో వారం ఆమె మళ్ళీ వచ్చింది. నేను ఆగలేకపోయాను. అన్నింట్లోకీ అట్ట బాగున్న పుస్తకం ఒకటి తీసి ఆమె చేతిలో పెట్టి, మెప్పు కోసం చూస్తున్నట్టు ఎదురుగా నిలబడ్డాను. ఆమె తెరిచి, రెండు పేజీలు తిప్పి, మూసి, తెలుగు పేపరు పెట్టినట్టే జాగ్రత్తగా బల్ల మీద పెట్టేసింది.

"ఇదీ రాదా?" అన్నాను. గొంతులో విసుగు నాకే వినిపించింది.

ఆమె నడుముకు దోపుకున్న ప్లాస్టిక్ కవరు తీసింది. అందులోంచి నాలుగు మడతల పేపరు ముక్క ఒకటి తీసి విప్పింది. నూనె మరకలు ఉన్నాయి. ఇంటినుంచి వచ్చిన ఎండు చేపలు చుట్టిన కాగితమట. దాని మీద అన్నీ గుండ్రటి అక్షరాలు, పైన గొడుగు పట్టినట్టు. ఆమె వేలు పెట్టుకోకుండా, తడుముకోకుండా, పై వరస నుంచి కింది వరస దాకా గడగడా చదివేసింది. నేను తెలుగు పేపరు చదివేదానికంటే వేగంగా.

"ఒడియా," అంది. "నేను ఒడియా మేడమ్. హిందీ కాదు. ఇక్కడ పనిలో చాలామంది ఒడియా."

నాకు సిగ్గేసింది. చెప్పుకోవడానికి ఇప్పుడు కూడా సిగ్గుగానే ఉంది. చదువు రాదని నేను జాలిపడిన మనిషి, చదవడానికి ఏమీ దొరక్క ఎండు చేపల కాగితం మడతపెట్టి దాచుకుని చదువుకుంటోంది.

రెండేళ్ళుగా ఇక్కడే ఉండడం వల్ల ఆమెకు తెలుగు కొద్దికొద్దిగా వచ్చు. ఆ సాయంత్రం కూర్చోబెట్టి అడిగితే విషయం మొత్తం చెప్పింది. తొమ్మిది చదివి, పదిలో ఉండగా పెళ్ళి. ఆ తర్వాత భర్తతో ఈ రాతి పనికి. వాళ్ళ ఊళ్ళో పిల్లల బడిలో ఒక చిన్న ఉద్యోగానికి ప్రకటన పడబోతోంది. దానికి పది పాసై ఉండాలి. బడికి వెళ్ళకుండా ప్రైవేటుగా పరీక్ష కట్టింది. ఎండాకాలం చివర్లో పరీక్ష. చేతిలో ఒక్క పుస్తకం లేదు. వాళ్ళుండే రేకుల షెడ్డులో నాలుగు కుటుంబాలు, ఒక బల్బు.

"పాస్ అయితే ఇంటికి పోతా మేడమ్. పాస్ కాకపోతే ఇక్కడే, రాయి కడగడం" అంది. మామూలుగానే అంది. ఏడవలేదు, బతిమాలలేదు. ఈ పిల్లకు పుస్తకాలు తేకపోతే నేను మనిషినే కాదని అప్పటికప్పుడు అనుకున్నాను.

జిల్లా ఆఫీసులో పెద్దాయన నా మాట పూర్తిగా విన్నాడు. ఆయన చెడ్డవాడు కాదు, కానీ రూలు తప్పడు.

"ఒడియా పుస్తకాలు మన జిల్లాలో ఎక్కడుంటాయమ్మా? పోయినసారి హిందీ కావాలన్నారు. వచ్చే నెల ఏం అడుగుతారు?"

"వచ్చే నెల సంగతి వచ్చే నెల చూద్దాం సార్. మీరు తెచ్చి ఇవ్వనక్కర్లేదు, నేను తెచ్చుకుంటానని ఒక కాగితం ఇవ్వండి చాలు."

ఇచ్చాడు, నా పోరు పడలేక.

నాతో పాటు గ్రంథాలయ శిక్షణ పొందిన ఒకామె శ్రీకాకుళం చివర, ఒడిశా సరిహద్దులో పనిచేస్తోంది. హాస్టల్లో ఇద్దరం ఒకే మంచం మీద పడుకున్నవాళ్ళం. ఫోన్ చేసి సంగతి చెప్పగానే పకపకా నవ్వింది.

"ఒసేయ్, ఇక్కడ సగం మంది చదివేది ఒడియానే కదే. నాకు రెండు బీరువాలు ఉన్నాయి. అరువు మీద ఇస్తాను. పది క్లాసు పుస్తకాలంటావా, బరంపురంలో పాత పుస్తకాల కొట్లున్నాయి, వెళ్ళి చూస్తాను. నువ్వొచ్చి పట్టుకుపో."

శుక్రవారం సెలవు చూసుకుని, దానికి ఇంకో రోజు కలుపుకుని రైలెక్కాను. ఖాళీ చేతులతో వెళ్ళకూడదని మా తమ్ముడి పొలంలో మిరపకాయలు ఒక గోనె సంచిలో తీసుకెళ్ళాను. వాటిని అక్కడ దింపి, అదే సంచిలో పుస్తకాలు నింపుకుని వచ్చాను. తెలివైన పని చేశాననుకున్నాను. గుంటూరు మనిషి బుద్ధి! సంచి దులిపాను కూడా.

ఆదివారం ఉదయం పుస్తకాలు బల్ల మీద పేర్చాను. ఆమె ముందే చెప్పి ఉంచింది కాబట్టి పదిమంది దాకా వచ్చారు. ఒకాయన కథల పుస్తకం ఆత్రంగా తెరిచాడు. తెరవగానే తుమ్మాడు. పక్కాయన తుమ్మాడు. ఆ తర్వాత గదిలో ఉన్నవాళ్ళందరూ వరసపెట్టి తుమ్ములు, దగ్గులు, కళ్ళలో నీళ్ళు. పెన్షన్ మాస్టారొకాయన రోజూ వచ్చి పేపరు చదువుతారు, ఆయన కండువా ముక్కుకు అడ్డం పెట్టుకుని "ఇదేం గ్రంథాలయమండీ, మిర్చి యార్డా!" అంటూ బయటికి పరుగెత్తారు. నేను కూడా తుమ్ముతూనే పుస్తకాలన్నీ బయట అరుగు మీద ఎండలో పరిచాను. వాళ్ళు అరుగు మీదే కూర్చుని, తుమ్ముకుంటూ, నవ్వుకుంటూ చదివారు. ఒక్కరు కూడా పుస్తకం కింద పెట్టి వెళ్ళలేదు. ఆ రోజు చర్చి మాట పూర్తిగా మర్చిపోయాను.

అప్పట్నుంచి ఆ బీరువాకు జనం అలవాటుపడ్డారు. ఇక్కడ అడ్రసు లేనివాళ్ళకు సభ్యత్వ కార్డు ఇవ్వడం కుదరదు కాబట్టి, ఇంటికి పుస్తకాలు ఇచ్చే వీలు లేదు. అక్కడే కూర్చుని చదవాల్సిందే. ఆమె మాత్రం రోజూ పని దిగి అయిదున్నరకు వచ్చేది. మోచేతులు కడుక్కుని, కిటికీ పక్క కుర్చీలో కూర్చుని, ఏడు దాకా తల ఎత్తేది కాదు. సైన్సు, చరిత్ర బాగానే నడిచాయి. లెక్కల పుస్తకం తెరిస్తే మాత్రం ముఖం మాడిపోయేది. పెన్షన్ మాస్టారు ఒకప్పుడు లెక్కలే చెప్పేవారు. ఒకరోజు ఆగలేక ఆమె పక్కన కూర్చున్నారు. ఆయనకు ఒడియా రాదు, ఆమెకు తెలుగు అంతంతమాత్రం. కాగితం మీద అంకెలు వేసి, కొట్టేసి, మళ్ళీ వేసి, ఇద్దరూ ఎలాగో కుస్తీ పట్టేవారు.

నాలుగు నెలల తర్వాత పెద్దాయన తనిఖీకి వచ్చాడు. ఆ రోజు సోమవారం, పొద్దున. కూలీలెవరూ లేరు. ఆయన మొదట, ఇళ్ళకు ఇచ్చిన పుస్తకాల రిజిస్టర్ చూశాడు. ఒడియా పుస్తకం ఒక్కటి కూడా ఎవరికీ ఇచ్చినట్టు లేదు.

"ఇక్కడే కూర్చుని చదువుతారు సార్. హాజరు రిజిస్టర్ చూడండి" అన్నాను ధీమాగా.

చూశాడు. పేజీలు తిప్పాడు. తిప్పేకొద్దీ ఆయన ముఖం బిగిసింది. చివరికి రిజిస్టర్ నావైపు తిప్పి పెట్టాడు.

"ఇదంతా మీ చేతిరాతేగా, మేడమ్?"

నా చేతిరాతే. పేరు రాసింది నేనే, ఊరు రాసింది నేనే, సంతకం గడిలో మళ్ళీ ఆ పేరు రాసిందీ నేనే. మొదటిరోజు ఆమెకు రాసిపెట్టినట్టే, వచ్చిన ప్రతి ఒక్కరికీ నేనే రాసిపెట్టాను. గుమ్మంలో అడుగు పెట్టగానే నేనే పెన్ను అందుకుని "పేరు చెప్పు నాయనా" అనేదాన్ని. ఒడియా చదవగలరని తెలిసి కూడా, రాయగలరన్న ఆలోచన నా బుర్రకు తట్టలేదు.

"నేను మిమ్మల్ని అనుమానించట్లేదు" అన్నాడాయన. "కానీ దొంగ హాజరు రాసేవాళ్ళు కూడా ఇట్టాగే రాస్తారు. ఈ కాగితం చూసి నేను ఏమని రాయాలి? చదివేవాళ్ళున్నట్టు రుజువు లేదు, పుస్తకాలు వెనక్కి పంపెయ్యమని రాయాలి."

"పరీక్ష ఇంకా నెలన్నర ఉంది సార్, ఒకమ్మాయికి..."

"రుజువు, మేడమ్."

నేను మామూలుగా ఎవరితోనైనా నోరు చేసుకుంటాను. ఆ రోజు పోట్లాడడానికి లేదు. ఆయన తప్పేం లేదు, తప్పంతా నా చేతిదే. "ఈ ఆదివారం పొద్దున రండి సార్. రుజువు మీ కళ్ళముందు పెడతాను. లేకపోతే మీ ఇష్టం" అన్నాను. ఏమనుకున్నాడో, సరేనన్నాడు.

ఆ మధ్యాహ్నం తాళం వేసి ఇంటికి నడుస్తుంటే మా అమ్మ గుర్తొచ్చింది. ఒకసారి, నేను అప్పటికి ఉద్యోగంలో చేరాను, అమ్మ నా పక్కన కూర్చుని అడిగింది.

"ఏమే, నా పేరు రాయడం నాకు నేర్పరాదూ? సంఘం పుస్తకంలో అందరూ సంతకం పెడుతుంటే నేనొక్కదాన్నే వేలు నల్లగా చేసుకుంటున్నా."

"నేనున్నాగా అమ్మా, నేను రాస్తాగా" అన్నాను. ప్రేమగానే అన్నాను. ఆమె ఇంకోసారి అడగలేదు. వేలిముద్రతోనే పోయింది. ఊరందరికీ పుస్తకాలిచ్చే నేను, అడిగి మరీ చెయ్యి చాపిన అమ్మకు పెన్ను ఇవ్వలేదు. ఈ పిల్ల కూడా మొదటిరోజే పెన్ను కోసం చెయ్యి చాపింది. నేను లాక్కున్నాను. అదే చెయ్యి, అదే బుద్ధి. ఎంత ఏడ్చినా అమ్మ అడిగిన ఆ రోజు వెనక్కి రాదు కానీ, ఆదివారానికి ఇంకా ఆరు రోజులున్నాయి.

సాయంత్రం ఆమెతో కలిసి రేకుల షెడ్డుల దగ్గరికి వెళ్ళాను. ఆదివారం వచ్చి మీ చేత్తో సంతకాలు పెట్టండని అడిగాను. అందరి ముఖాలూ మూసుకుపోయాయి. కథల పుస్తకం చూసి మొదట తుమ్మినాయన, నడివయసు మనిషి, తల అడ్డంగా ఊపాడు. ఆయన మాటలు ఆమె నాకు తెలుగులో చెప్పింది.

"కాగితం మీద సంతకం పెట్టమని ఎవరడిగినా మాకు భయం మేడమ్. ఇంతకుముందు ఒకచోట తెల్ల కాగితాల మీద పెట్టించుకున్నారు. తర్వాత ఆ కాగితం చూపించి, ఊరికి పోవడానికి లేదన్నారు. మీరు రాసుకుంటే మాకు మంచిదే. మేం రాయం."

పేర్లు నేనే రాసిపెట్టడం వాళ్ళకు కూడా ఎందుకు నచ్చిందో అప్పుడర్థమైంది. ఆ భయం లేనిపోనిది కాదు. మర్నాడు రిజిస్టర్ చంకన పెట్టుకుని మళ్ళీ వెళ్ళాను. ప్రతి పేజీ విప్పి చూపించాను. పేరు, ఊరు, ఏం చదివారు, ఇంతే ఉంటుందని, దీన్ని ఏ మేస్త్రీకీ, ఏ యజమానికీ చూపించనని చెప్పాను. ఆ మరుసటి రోజు మళ్ళీ వెళ్ళాను. సాయిబుగారు కూడా బంకు కట్టేసి వచ్చి, రిజిస్టర్‌లో తన సంతకాలు వెతికి చూపించాడు. "ఇదిగో ఇది నాది. పదేళ్ళ నుంచీ పెడతన్నా. నన్నెవరూ పట్టుకుపోలా" అన్నాడు. నవ్వారు కానీ, వస్తామని ఎవరూ మాటివ్వలేదు.

ఆదివారం పెద్దాయన తొమ్మిదికి వచ్చాడు. నేను ఆరింటినుంచే అక్కడున్నాను. తొమ్మిదిన్నర అయింది. పెన్షన్ మాస్టారు తప్ప గదిలో ఎవరూ లేరు. ఆయన తెరిచిన పేపరు తలకిందులుగా పట్టుకున్నారు, అంత కంగారు. పెద్దాయన రెండుసార్లు గడియారం చూసుకున్నాడు. నేను దేవుణ్ణి చాలా ఘాటుగానే అడిగాను, ఇన్ని ఆదివారాలు నిన్ను వదిలి ఇక్కడ కూర్చున్నది దేనికని.

పది కొట్టబోతుండగా గేటు చప్పుడైంది. ముందు ఆమె. తలస్నానం చేసి, పసుపు రంగు చీర కట్టుకుంది. ఆమె వెనక తుమ్మినాయన. ఆయన వెనక ఆడవాళ్ళు, మగవాళ్ళు, ఉతికిన చొక్కాలతో, గేటు దాటి రోడ్డు దాకా. అందరూ బయటే చెప్పులు విడుస్తున్నారు. నాకు కళ్ళు మసకలైపోయాయి. ఈసారి మిరపకాయల వల్ల కాదు.

ఆమె రిజిస్టర్ దగ్గరికి వచ్చింది. నేను అలవాటుగా ఒక అడుగు ముందుకు వేసి, ఆగి, చేతులు వెనక్కి కట్టుకున్నాను. ఆమె పెన్ను తీసుకుని రాసింది. తొందర పడలేదు. గుండ్రంగా, గొడుగు గీత సహా. తర్వాత తుమ్మినాయన. పెన్ను రెండుసార్లు ఎత్తి దించాడు, మూడోసారి రాశాడు. ఆ తర్వాత ఒక్కొక్కరూ. ఇద్దరికి నిజంగానే రాయడం రాదు. వాళ్ళ పేర్లు వాళ్ళవాళ్ళే ఒడియాలో రాశారు. పేజీ నిండింది, తిప్పారు.

పెద్దాయన కళ్ళద్దాలు పెట్టుకుని రిజిస్టర్ చేతుల్లోకి తీసుకున్నాడు. పై నుంచి కిందికి చూశాడు, మళ్ళీ పై నుంచి చూశాడు. డిగ్రీల మీద డిగ్రీలు చదివిన మనిషి. ఒక్క ముక్క అర్థం కాలేదు.

"ఏమని రాశారమ్మా?" అన్నాడు ఆమెతో. గొంతు తగ్గిపోయింది.

ఆమె ఆయన పక్కన నిలబడి, వేలు పెట్టి ఒక్కో వరసా చదివి తెలుగులో చెప్పింది. ఈయన పేరు ఇది, ఊరు ఇది, చదివేది కథలు. ఈమె పేరు ఇది, పిల్లల పాటలు. తన వరస దగ్గరికి వచ్చాక పేరు చెప్పి, "పది క్లాసు. పరీక్ష ఉంది" అంది. ఎవరి పేరు చెబితే ఆ మనిషి తల ఎత్తి నిలబడేవాడు. పెద్దాయన ప్రతి ఒక్కరికీ తల ఊపాడు. అంతా అయ్యాక కుర్చీలో కూర్చుని, ఒడియా పుస్తకాలు ఇక్కడే ఉంచవచ్చని తనిఖీ పుస్తకంలో రాసి సంతకం పెట్టాడు. లేస్తూ నాతో, "చదవడం రాకపోవడమంటే ఏమిటో ఒక గంట అనుభవిస్తే గానీ తెలియదు మేడమ్" అన్నాడు. ఆయన్ని టీ తాగకుండా వెళ్ళనివ్వలేదు సాయిబుగారు.

నెలన్నర తర్వాత ఆమె పరీక్షకు వాళ్ళ ఊరు వెళ్ళింది. వెళ్ళే ముందురోజు లెక్కల పుస్తకం తెచ్చి బల్ల మీద పెట్టి, "దీదీ, భయం" అంది. మేడమ్ మాని అక్కా అని పిలవడం ఎప్పుడు మొదలుపెట్టిందో నేను గమనించలేదు. భయపడమనే చెప్పాను, భయపడి కూడా రాయమన్నాను. వేరే ధైర్యం ఏం చెప్పాలో నాకు తెలియలేదు.

ఫలితాలు వానలు మొదలయ్యాక వచ్చాయి. ఒక సాయంత్రం నా ఫోనుకు మార్కుల కాగితం ఫొటో వచ్చింది. అంకెలు తప్ప మొత్తం ఒడియా. పెన్షన్ మాస్టారూ, సాయిబుగారూ, నేనూ ముగ్గురం ఫోను మీద వంగాం. మాస్టారు అంకెలు చూసి, "ఇది కొంప ముంచిందే, లెక్కలు అయ్యుంటాయి" అన్నారు. నిజమే, లెక్కలు పోయాయి. మిగిలినవన్నీ గట్టెక్కాయి. ఇంతలో ఆమె ఫోన్ చేసింది. ఏడుస్తుందేమో, ఏం చెప్పాలా అని నేను గుండె రాయి చేసుకుంటుంటే, ఆమె గొంతు గట్టిగా వినిపించింది.

"దీదీ, లెక్కల పుస్తకం ఎవరికీ ఇవ్వకండి. ఉద్యోగం ఇంకా పడలేదు. మళ్ళీ పరీక్ష ఉంది. నేను వస్తున్నా. మాస్టారుకు చెప్పండి."

మాస్టారికి చెప్పాను. ఆయన అప్పుడే జేబులోంచి కాగితం తీసి లెక్కలు వెయ్యడం మొదలుపెట్టారు.

ఫోన్ పెట్టేశాక ఆ ఫొటో మళ్ళీ తెరిచాను. పై వరసలో గుండ్రటి అక్షరాలు. వాటిని చూస్తూ చూస్తూ ఉండగా ఒక్కసారి పట్టుబడ్డాయి. రోజూ సాయంత్రం నా కళ్ళముందు రిజిస్టర్‌లో పడిన అక్షరాలే అవి. నేనెవరినీ అడగకుండా, ఎవరి సాయమూ లేకుండా ఆమె పేరు పైకి చదివాను. నాకు ఒడియాలో వచ్చిన మొదటి మాట అదే.

ఇప్పుడు మా రిజిస్టర్‌లో ఎవరి పేరూ నేను రాయను. రాయడం రాదన్నవాళ్ళను పక్కన కూర్చోబెట్టుకుంటాను. పెన్ను వాళ్ళ చేతిలో పెడతాను, ఎంతసేపైనా ఆగుతాను. అమ్మ కోసం ఆగలేదు కదా.